కొత్త ల్యాప్‌టాప్‌లో డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) కనిపించడం లేదు

కాకినాడలో చిన్న సివిల్ కాంట్రాక్టర్ని. రేపు మధ్యాహ్నం 3 గంటలకు టెండర్ ఆఖరు, ఒకటే టెన్షన్. పాత కంప్యూటర్ పోయింది. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో టోకెన్ (డీఎస్‌సీ ఉండే యూఎస్‌బీ) పెడితే లైటు వెలుగుతోంది, టెండర్‌కి డిజిటల్ సంతకం పెట్టే దగ్గర మాత్రం సర్టిఫికెట్ల జాబితా ఖాళీ. టోకెన్ పిన్ కూడా గుర్తులేదు. మనసులో నాలుగైదు ఉన్నాయి, వరసగా కొట్టి చూడనా?

జవాబు 1: లైటు అంటే కరెంటు అందుతోందనే, అంతే. టోకెన్ డ్రైవర్ (ల్యాప్‌టాప్ టోకెన్‌ని గుర్తుపట్టేందుకు వేసే సాఫ్ట్‌వేర్) వేయలేదేమో. కొన్ని టోకెన్లు 'దిస్ పీసీ'లో సీడీలా కనిపిస్తాయి, అందులోనే సెటప్ ఉంటుంది. వేశాక విండోస్, ఆర్ కలిపి నొక్కి 'certmgr.msc' కొట్టండి, సర్టిఫికెట్ల జాబితా తెరుచుకుంటుంది. 'పర్సనల్'లో మీ పేరు రావాలి. సర్టిఫికెట్ గడువు తేదీ కూడా చూడండి.

జవాబు 2: సార్, పిన్ ఊహించి కొట్టొద్దు! కొన్ని తప్పులకే టోకెన్ లాకవుతుంది. ఎవరైనా 'ఇనిషియలైజ్ చేద్దాం' (అంటే టోకెన్‌ని చెరిపి మళ్లీ మొదటి స్థితికి తేవడం) అంటే ఒప్పుకోకండి. లోపలి ప్రైవేట్ కీ (మీ సంతకం పెట్టే రహస్య కోడ్) చెరిగిపోతుంది, కాపీ ఎక్కడా ఉండదు. మళ్లీ కొత్త క్లాస్ 3 డీఎస్‌సీ (టెండర్లకు వాడే రకం) కొనాల్సిందే.

కాంట్రాక్టర్: డ్రైవర్ వేశాక పేరు వచ్చింది. పిన్ పాత ఫైలు అట్ట మీద మా ఆవిడ రాసిపెట్టిందట.

జవాబు 2: బిడ్ వేశాక ఆ అట్ట చింపేయండి సార్.