బొగ్గు, అణుశక్తి, గాలి, ఎండ: శక్తి విద్యుత్తుగా మారేది ఎక్కడ?

ప్రశ్న (హైస్కూలు ఉపాధ్యాయుడు)

పదో తరగతి పిల్లలకు విద్యుదుత్పత్తి పాఠం చెప్పడానికి సిద్ధమవుతున్నాను. పుస్తకంలో బొగ్గు, నీరు, అణుశక్తి, గాలి, ఎండ అంటూ ఒక్కో వనరుకు ఒక్కో బొమ్మ ఇచ్చారు గాని, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే చాలా బొమ్మల్లో చివరి భాగం ఒకటే: ఒక టర్బైన్ (ఆవిరో, నీరో, గాలో తోస్తే తిరిగే రెక్కల చక్రం), దానికి బిగించిన ఒక జనరేటర్. అలాంటప్పుడు శక్తి విద్యుత్తుగా మారే ఘట్టం సరిగ్గా ఎక్కడ జరుగుతున్నట్టు? దీనికి తోడు, పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న మరొకటి ఉంది. యురేనియం కేంద్రకాన్ని చీల్చగలిగిన మనం ఆ శక్తితో చివరికి నీళ్లు కాచుకోవడమేమిటి? ఆ వేడిని నేరుగా విద్యుత్తుగా ఎందుకు మార్చుకోలేకపోతున్నాం? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు)

మాస్టారూ, మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. ఆ ఘట్టం జరిగేది జనరేటర్‌లో తిరిగే రోటర్‌కూ, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కూ మధ్య ఉన్న సన్నని ఖాళీలో. రోటర్ ఒక విద్యుదయస్కాంతం. అది తిరుగుతున్నప్పుడు స్టేటర్‌లోని రాగి చుట్ల గుండా పోయే అయస్కాంత అభివాహం క్షణక్షణం మారుతూ ఉంటుంది కనుక ఆ చుట్లలో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే.

అయితే ఇంతటితో ఆపితే పాఠంలో అసలు విషయం జారిపోతుందని నా అభిప్రాయం. జనరేటర్ నుంచి ఎవరూ విద్యుత్తు తీసుకోనప్పుడు రోటర్‌ను తిప్పుతూ ఉంచడానికి రాపిడిని, మరికొన్ని చిన్న నష్టాలను భరించగలిగినంత బలం చాలు. లోడు, అంటే విద్యుత్తును వాడుకునే పరికరాలు, కలపగానే స్టేటర్ చుట్లలో కరెంటు ప్రవహిస్తుంది, ఆ కరెంటు తనదైన అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది, ఆ క్షేత్రం రోటర్‌ను వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురుగా టర్బైన్ చేసే పనే విద్యుత్ శక్తిగా బయటికి వస్తుంది. అందుకే వాడకం పెరిగినప్పుడల్లా ఆవిరి కవాటాలను గాని, నీటి ద్వారాలను గాని మరికొంత తెరవవలసి వస్తుంది.

నీటికీ గాలికీ ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే, వాటి శక్తి ముందే కదలిక రూపంలోనో, ఎత్తు రూపంలోనో ఉంటుంది. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాని సామర్థ్యం 981 కిలోవాట్లు. మంచి టర్బైన్, జనరేటర్ కలిసి అందులో సుమారు 90 శాతాన్ని విద్యుత్తుగా ఇస్తాయి. గాలి విషయంలో మాత్రం, రెక్కలు దాటిన గాలి ముందుకు సాగిపోవాలి కనుక దాని శక్తి మొత్తాన్ని లాక్కోవడం కుదరదు. ఎంత గొప్ప గాలిమర అయినా 59.3 శాతానికి మించి తీసుకోలేదని చెప్పే ఈ హద్దుకు బెట్జ్ పరిమితి అని పేరు.

జవాబు (థర్మల్ విద్యుత్కేంద్రంలో ఇంజనీరు)

రెండో ప్రశ్న గురించి రాస్తున్నాను. కేంద్రకం చీలినప్పుడు వెలువడే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులలో (ఇది అణుస్థాయి శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) ఎక్కువ భాగం, చీలిన రెండు ముక్కల వేగంలోనే ఉంటుంది. కాని ఆ ముక్కలు ఇంధనం లోపల మిల్లీమీటరులో దాదాపు వందో వంతు దూరం పోయేసరికి చుట్టూ ఉన్న అణువులను ఢీకొని ఆగిపోతాయి. క్రమమైన కదలిక అక్కడే చెదిరి వేడిగా మారిపోతుంది. ఆ తరువాత మనకు మిగిలేది వేడి ఒక్కటే, అది యురేనియం ఇచ్చినదైనా బొగ్గు ఇచ్చినదైనా టర్బైన్‌కు తేడా తెలియదు.

వేడి నుంచి ఎంత పనిని రాబట్టవచ్చో ఉష్ణగతిక శాస్త్రం ముందే గీత గీసింది. 540 డిగ్రీల సెల్సియస్ ఆవిరిని తీసుకుని, మిగిలిన వేడిని 30 డిగ్రీల వద్ద వదిలే యంత్రం ఎంత ఆదర్శవంతమైనదైనా 63 శాతం దాటలేదు. వాస్తవంలో బొగ్గు కేంద్రాల దక్షత చాలాచోట్ల 35 నుంచి 40 శాతం దగ్గర ఉంటుంది, అత్యాధునికమైనవి 45 వరకు చేరుకుంటాయి. మామూలు నీటి రియాక్టర్లలో ఆవిరి 300 డిగ్రీల లోపే ఉంటుంది కనుక అక్కడ వేడిలో మూడో వంతు మాత్రమే విద్యుత్తు అవుతుంది. సహజవాయు కేంద్రాల్లో గ్యాస్ టర్బైన్ వదిలిన వేడి వాయువులతోనే మళ్లీ ఆవిరి తయారు చేసి రెండో టర్బైన్‌ను తిప్పుతారు కాబట్టి 60 శాతం అందుకోవడం సాధ్యమైంది.

వేడిని నేరుగా మార్చే మార్గం కూడా ఉంది. రెండు వేర్వేరు లోహాల అతుకులను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంచితే వోల్టేజి పుట్టే ప్రభావాన్ని 1821లో సీబెక్ గుర్తించాడు. 1977లో బయలుదేరిన వాయేజర్ అంతరిక్ష నౌకలు రేడియోధార్మిక ప్లుటోనియం-238 వేడిని ఇదే సూత్రంతో, అర్ధవాహకాల (సెమీకండక్టర్ల) సాయంతో విద్యుత్తుగా మార్చుకుంటున్నాయి. కదిలే భాగాలు లేకపోవడం అక్కడ పెద్ద వరం. కాని దక్షత పది శాతం కూడా లేదు కనుక నేల మీద భారీ కేంద్రాలకు అది పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం మిగిలింది. టర్బైన్ నుంచి బయటికి వచ్చిన ఆవిరిని చల్లార్చి నీరు చేసి, అంత వేడినీ బయట పారబోసే బదులు, ఆ ఆవిరినే తిన్నగా బాయిలర్‌లోకి నెట్టవచ్చు కదా?

జవాబు (థర్మల్ విద్యుత్కేంద్రంలో ఇంజనీరు)

మంచి ప్రశ్న అడిగారు. బాయిలర్‌లో పీడనం వాతావరణ పీడనానికి వందరెట్లకు పైగా ఉంటుంది, టర్బైన్ చివరి కొసన, ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్‌లో దాదాపు శూన్యం ఉంటుంది. ఆ అల్పపీడనంలో ఒక కిలో ఆవిరి పది ఘనపు మీటర్లకు మించి చోటు ఆక్రమిస్తుంది. దాన్ని అదుముతూ బాయిలర్ పీడనానికి తేవాలంటే, టర్బైన్ ఇచ్చిన పనంతా అక్కడే ఖర్చయిపోతుంది. అదే ఒక కిలో నీరైతే ఒక్క లీటరే, పంపు దాన్ని చాలా తక్కువ పనితో లోపలికి తోసేస్తుంది. పైగా కండెన్సర్‌లో ఆవిరి కుంచించుకుపోవడం వల్లనే ఆ శూన్యం ఏర్పడుతుంది. ఆ వేడిని బయటికి వదిలే శీతలీకరణ గోపురాల పైన తెల్లగా లేచేది పొగ కాదు, తేమ అని కూడా పిల్లలకు తప్పక చెప్పండి.

జవాబు (సోలార్ ఇన్వర్టర్లపై పనిచేసే వ్యక్తి)

సోలార్ ప్యానెల్ ఈ వరుసలో చేరదు. అందులో తిరిగేదీ మరిగేదీ ఏదీ లేదు. కాంతికణం ఒకటి సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ను దాని బంధం నుంచి విడిపిస్తే, పీ-ఎన్ సంధి (రెండు రకాల సిలికాన్ పొరలు కలిసే చోటు) వద్ద ఉన్న విద్యుత్ క్షేత్రం దాన్ని ఒక వైపుకు నెట్టుతుంది. ఇందుకు కాంతికణానికి కనీసం 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అంతకంటే తక్కువ శక్తి గలవి ఉపయోగపడవు, ఎక్కువ గలవాటి మిగులు వేడిగా పోతుంది. ఒకే సంధి ఉన్న సెల్‌కు సుమారు 33 శాతం హద్దు ఉండటానికి ప్రధాన కారణం ఇదే. 1954లో బెల్ ప్రయోగశాల చూపిన సిలికాన్ సెల్ 6 శాతం ఇస్తే, ఇప్పటి ప్యానెళ్లు 20 శాతం దాటాయి.

ప్యానెల్ నుంచి వచ్చేది ఏకముఖ విద్యుత్తు (డీసీ) కనుక దాన్ని ఇన్వర్టర్ ఏకాంతర విద్యుత్తుగా (ఏసీ) మార్చాలి. ఒక పెద్ద కేంద్రం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు, గ్రిడ్‌లోని మిగతా రోటర్లు తమ తిరుగుడులో దాచుకున్న గతిశక్తిని ఇచ్చి ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా పడిపోకుండా కాసేపు నిలబెడతాయి. ప్యానెల్‌లో తిరిగే బరువు లేదు కనుక ఆ సాయం తనంతట తాను రాదు. అందువల్ల గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు వాటా పెరుగుతున్న కొద్దీ బ్యాటరీలను జోడించి, ఇన్వర్టర్లే ఆ పనిని చేసేలా నియంత్రణ వ్యవస్థలను రూపొందిస్తున్నారు.