రైఫిల్ బెడ్డింగుకు మైనమా, పీవీఏనా?

బ్రాడీపేట 22:
నాన్నగారి తర్వాత లైసెన్సు తీసుకుని నా పేరుకు మార్చుకున్న .22 రైఫిల్ ఒకటి ఉంది. స్టాకు, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం, వాల్‌నట్ కర్ర. వానలు పడితే కర్ర ఉబ్బి, స్క్రూలు విప్పి బిగించిన ప్రతిసారీ గురి మారిపోతోంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, అక్కడ ఈ తేడా చాలా కనిపిస్తుంది. స్టాకులో యాక్షన్ (తూటాను పేల్చే ఉక్కు భాగం) కూర్చునే చోట ఎపాక్సీ పోసి, కదలకుండా బెడ్డింగు చేయాలనుకుంటున్నాను. అది ఉక్కుకు అంటుకోకుండా ఏమి పూయాలి?

తెనాలి అచ్చు:
నేను ఫైబర్ విగ్రహాలు పోసేవాణ్ణి. ముందు మైనం, దాని మీద పీవీఏ. మైనం రెండు మూడు పూతలు వేసి, ప్రతిసారీ ఆరనిచ్చి మెత్తటి గుడ్డతో రుద్దాలి. ఆ పైన పీవీఏ పల్చగా పూయండి. పని అయ్యాక నీళ్లతో కడిగితే పోతుంది. ఒక జాగ్రత్త. పీవీఏ కావాలని దుకాణంలో అడిగితే వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఇచ్చేస్తారు. దాన్నీ పీవీఏ అనే పిలుస్తారు గానీ అది పాలీవినైల్ అసిటేట్, అంటించడానికే పుట్టింది. మనకు కావలసింది పాలీవినైల్ ఆల్కహాల్.

పాత వాల్‌నట్:
తమ్ముడూ, పీవీఏ జోలికి పోకండి. అది ఉక్కు మీద ఒక పొర. బెడ్డింగు ఆ పొర ఆకారాన్ని పట్టుకుంటుంది, మీ యాక్షన్ ఆకారాన్ని కాదు. అంత కష్టపడి పోసింది, ఆ పొర పోయాక మిగిలే సందు కోసమా? మైనం ఒక్కటి చాలు. ఒక పనివాడు నా రైఫిల్‌కు పీవీఏ పూసి, యాక్షన్ ఊడక, చెప్పకుండానే స్టాకు కోసేశాడు. ఆ స్టాకు మా నాన్నగారిది.

కృష్ణలంక రవి:
కారు పాలిష్ వాడవచ్చా?

తెనాలి అచ్చు:
సిలికాన్ ఉన్నది వద్దు రవి గారూ. అది చేతికి అంటి కర్ర మీదకు చేరితే, అంటుకోవలసిన చోట కూడా ఎపాక్సీ పట్టదు.
వాల్‌నట్ గారూ, ఆ పొర మందం మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. విగ్రహం కనురెప్ప మీద గీత కూడా చెరగదు. మైనమే సరిగా రుద్దకపోతే అంతకంటే మందంగా మూలల్లో పేరుకుంటుంది.

పాత వాల్‌నట్:
విగ్రహాన్ని దూరం నుంచి చూసి దండం పెడతారు. రైఫిల్ విషయంలో వందో వంతు కూడా లెక్కే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మీ పీవీఏ ఆరకముందే చారలు కడుతుంది. వానాకాలంలో అసలు ఆరదు.

తెనాలి అచ్చు:
ఎండలో ఎపాక్సీ కూడా త్వరగా గట్టిపడుతుంది, మరి దాన్ని మానేస్తారా? ఉదయం ఆరు గంటలకు కలుపుకోండి. ముప్ఫై ఏళ్లుగా అచ్చు నుంచి విగ్రహం తీస్తున్న చేతికి మీరు పాఠం చెప్పనక్కరలేదు.

పాత వాల్‌నట్:
మీ అచ్చు పగిలితే ఇంకోటి చేసుకుంటారు. నాకు మా నాన్నగారి స్టాకు ఎవరు చేసిస్తారు?

లబ్బీపేట:
ఇద్దరూ కాస్త ఆగండి. వాల్‌నట్ గారూ, కోశాక లోపల చూశారా? ఎపాక్సీ ఉక్కుకు అంటుకుని ఉందా, లేక ఎక్కడైనా బిగుసుకుందా?

పాత వాల్‌నట్:
చూశాను. ఉక్కు శుభ్రంగానే ఉంది. ట్రిగ్గర్ గాడిలోకి ఎపాక్సీ కారి, అడ్డ పిన్ను చుట్టూ గట్టిపడింది.

లబ్బీపేట:
అయితే తప్పు పీవీఏది కాదు. కారిన ఎపాక్సీ మేకులాగా దిగిపోయింది. అలాంటి చోట మైనం పూసినా, పీవీఏ పూసినా యాక్షన్ పైకి రాదు. పోసే ముందే గాడినీ, పిన్ను రంధ్రాలనూ మట్టితో పూడ్చాలి. స్క్రూలకు కూడా మైనం పట్టించాలి.

పాత వాల్‌నట్:
కాదనను. కానీ ఒక్క మాట. ఊడలేదని తెలిశాక ఆ పనివాడు నాకు ఫోను చేసి ఉంటే? ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మెల్లగా తట్టి చూసేవాళ్లం. అడగకుండా రంపం పెట్టాడు. నా బాధ పీవీఏ గురించి కాదు. ఇంత విలువైన వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టడం గురించి. అందుకే ఈ అబ్బాయి సొంత చేతులతో చేసుకోవాలంటాను.

తెనాలి అచ్చు:
నేను అందుకు ఒప్పుకోను. మొదటిసారి చేసేవాళ్ల చేతిలో ఏమవుతుందో రోజూ చూస్తాను. పని తెలిసినవాడు పక్కన ఉండాలి. అడగకుండా కోసినవాడు తప్పు చేశాడు, దానికి చేతిపని అంతటినీ అనుమానించడం న్యాయం కాదు.

కృష్ణలంక రవి:
తుపాకి మరమ్మతు ఎవరి చేతికైనా ఇచ్చే ముందు వారి లైసెన్సు చూడండి. ఆయుధాల చట్టం, 1959 కింద మరమ్మతు పనికీ లైసెన్సు కావాలి.

బ్రాడీపేట 22:
అందరికీ కృతజ్ఞతలు. ముందు అమ్మను అడిగాను, అది నాన్నగారి గుర్తు కదా. ‘పాడు చేయకురా’ అని మాత్రమే అంది. నేరుగా రైఫిల్ మీద చేయను. పాత టేకు ముక్కలో గాడి తీసి, ఇనుప కడ్డీకి ఒక సగం మైనం, ఒక సగం మైనంతో పాటు పీవీఏ పూసి పోస్తాను. పొర మందం ఎంతో, ఎక్కడ ఎలా ఊడుతుందో కళ్లతో చూస్తాను.

తెనాలి అచ్చు:
కడ్డీని నిలువుగా లాగవద్దు బాబూ, పక్కకు తిప్పి చూడు. పీవీఏ కడిగాక ఉక్కును వెంటనే తుడిచి నూనె పట్టించు, లేకపోతే నీటికి తుప్పు పడుతుంది.

పాత వాల్‌నట్:
ట్రిగ్గర్ ఊడదీసి గాడి మట్టితో పూడ్చాక, పోసే ముందు ఫొటో పెట్టండి. నేను మెలకువగానే ఉంటాను, ఎన్ని గంటలైనా.