అప్‌డేట్: ఫెరెట్లకు ఇంటి తిండి

దిగుమతి మేత దొరకని రోజుల్లో మా రెండు ఫెరెట్లకు (ముంగిసలా కనిపించే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువులు) ఇంట్లో ఏమి వండిపెట్టవచ్చని నేను అడిగినప్పుడు, అన్నం, పాలు, పండ్లు వద్దని, మాంసమే ఆధారంగా ఉండాలని మీలో చాలామంది చెప్పారు. ఆ ప్రకారమే విజయవాడ పటమటలో కోడి తొడమాంసం, గుండెకాయలు, కొద్దిగా కార్జం తెచ్చి, ఖైమా కొట్టించి, ఆవిరిపై ఉడికించి పెడుతున్నాను. గుండెకాయల్లోని టారిన్ అనే అవసరమైన పోషకం ఉడికేటప్పుడు రసంలోకి దిగుతుంది కనుక ఆ రసాన్ని పారబోయకుండా మాంసంలోనే కలుపుతాను. కార్జం ఎక్కువైతే విటమిన్ ఏ మోతాదు మించుతుంది.

అసలు చిక్కు కాల్షియంతోనే. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. పోనీ ఎముకతోనే వండుదామంటే, ఉడికిన ఎముక మొనదేలి విరిగి పేగులకు గుచ్చుకునే ప్రమాదం ఉంది. అందువల్ల పశువైద్యుడు చెప్పిన తూకంలో గుడ్డుపెంకు పొడి కలుపుతున్నాను. ఈ లెక్కను మాత్రం ఎవరూ ఊహతో వేయవద్దని నా మనవి. పచ్చిమాంసమే మేలన్నవారి వాదన నాకు అర్థమైంది కానీ, సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో పాటు బర్డ్ ఫ్లూ కూడా ఫెరెట్లకు సోకగలదు కనుక ఉడికించడానికే మొగ్గాను.

వీటికి తిన్నది మూడు నాలుగు గంటల్లోనే అరిగి బయటికి పోతుంది కాబట్టి రోజంతా కొద్దికొద్దిగా పెట్టాలి. మన ఎండలకు గిన్నెలో మాంసం నిలవదు, అందుకే చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో దాస్తున్నాను. “కాస్త పెరుగన్నం పెడితే ఏం పోయిందమ్మా” అని మా అత్తయ్య ఇప్పటికీ అంటూనే ఉన్నారు. చిన్నది ఇష్టంగా తింటోంది. పొడి మేతకు అలవాటుపడిన పెద్దదానికి నానబెట్టిన గుళికల్లో ఖైమాను కలిపి, దాని వాటా పెంచుతూ వస్తున్నాను.