మెడికోలకి పేషెంట్‌తో మాట్లాడటం ఎలా నేర్పాలి? మీ అనుభవాలు చెప్పండి

హౌస్‌సర్జన్_గుంటూరు: వార్డులో జూనియర్స్‌కి హిస్టరీ తీసుకోవడం (పేషెంట్‌ని అడిగి జబ్బు వివరాలు తెలుసుకోవడం) చూపిస్తున్నానండి. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ కొత్త కరికులంలో ఏఈటీకామ్ (డాక్టర్ ప్రవర్తన, నైతికత, మాటతీరు నేర్పే) క్లాసులు ఉన్నాయి గానీ హాల్లో విన్నది బెడ్ దగ్గరకొచ్చేసరికి రావట్లేదు, పెద్దాయన "మొన్న రాత్రి నుంచి..." అనేలోపే "దగ్గుందా, కళ్ళె పడుతుందా, ఆయాసమా" అని వరసగా అడిగేస్తున్నారు. మీ దగ్గర ఏం పనిచేసింది?

పీజీ_బెజవాడ: ఇది ఎక్కడైనా ఉన్నదే తమ్ముడూ. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు డాక్టర్-పేషెంట్ మాటల రికార్డింగులు విని చూస్తే పేషెంట్ మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నాడని తేలింది. మా యూనిట్‌లో అయితే "ఏం ఇబ్బందండి, చెప్పండి" అని అడిగి పెన్ను జేబులో పెట్టేయాలి, ఆయన ఆగేదాకా తీయకూడదు. గంటసేపు చెప్తారని భయపడతారు గానీ చాలామంది రెండు నిమిషాల్లోనే ఆపేస్తారు.

తెనాలి_కోడలు: నేను డాక్టర్ని కాదు, పేషెంట్ తరఫున చెప్తున్నా. మా మామయ్యగారికి షుగర్, డిశ్చార్జ్ రోజు ఇన్సులిన్ పెన్ గురించి మొత్తం మావారికి చెప్పి చివర్లో "అర్థమైందా తాతా" అన్నారు, ఆయన తలూపేశారు. పొడుచుకోవాల్సింది ఆయన కదండీ! తర్వాత చెకప్‌కి వెళ్తే ఒక స్టూడెంట్ అమ్మాయి పక్కన కూర్చుని "తాతగారూ, ఇంట్లో ఎలా చేసుకుంటున్నారో ఒకసారి చూపించండి" అంది. గుచ్చిన వెంటనే సూది లాగేస్తున్నారు. బటన్ పూర్తిగా నొక్కి పది లెక్కపెట్టాక తీయమని చెప్పి మళ్ళీ చేయించింది. ఆ పిల్లకి నేర్పినవాళ్ళకి దండం పెట్టాలి.

పీజీ_బెజవాడ: దాన్నే టీచ్‌బ్యాక్ అంటారు మేడమ్. అర్థమైందా అంటే మనవాళ్ళు డాక్టర్ ముందు లేదనరు, అందుకే చెప్పించుకోవాలి, చేయించుకోవాలి.

మంగళగిరి_ఫ్యాకల్టీ: కష్టమంతా చెడువార్త దగ్గరే. పుస్తకంలో స్పైక్స్ అని చెడువార్త చెప్పే పద్ధతి ఉంది, దానికి ఆరు మెట్లు, మూడోది ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో పేషెంట్‌నే అడగడం. ఇక్కడేమో కొడుకు కారిడార్‌లోనే ఆపి "క్యాన్సర్ అని అమ్మకి చెప్పొద్దు సార్" అంటాడు. రోల్ ప్లేలో ఒకరిని కొడుకుగా పెడతాను. అతని భయమేంటో ముందు వినాలి, ఆ తర్వాత "అమ్మగారు అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేనండి" అని మెల్లగా చెప్పాలి. ఆ ఒక్క మాట అనడానికి పిల్లలకి చెమటలు పడతాయి, అది క్లాసులోనే పట్టాలని నా పట్టు.

హౌస్‌సర్జన్_గుంటూరు: సార్, స్క్రిప్ట్ ఏదైనా ఉంటే పెడతారా?

మంగళగిరి_ఫ్యాకల్టీ: స్క్రిప్ట్ వద్దు బాబూ, బట్టీ పడతారు. మీ వార్డులో కేసే తీసుకుని పేరు, ఊరు, వయసు మార్చెయ్. అయ్యాక మార్కులకంటే ముందు కొడుకు వేషం వేసినవాడిని అడుగు, నీకెలా అనిపించిందని.