టీ కణాలను ఉత్తేజపరిచినా ఉపరితలంపై ప్రయాన్ ప్రొటీన్ పెరగట్లేదు

ఉత్తేజితమైన లింఫోసైట్లపై (టీ కణాల వంటి తెల్ల రక్తకణాలపై) మామూలు, అంటే రోగం కలిగించని, ప్రయాన్ ప్రొటీన్ పెరుగుతుందన్నది 1990 నుంచీ తెలిసిన సంగతే. నా ఫ్లో సైటోమెట్రీలో (ఒక్కో కణం మీది ప్రొటీన్‌ను మెరిసే యాంటీబాడీతో కొలిచే పద్ధతి) మాత్రం గ్రాఫ్ కదలట్లేదు.

మనిషి రక్తంలోంచి వేరుచేసిన టీ కణాలు, వాటిని ఉత్తేజపరిచే సీడీ3/సీడీ28 బీడ్స్, 48 గంటలు. యాంటీబాడీ 3ఎఫ్4 (ఇది ఎలుక ప్రయాన్ ప్రొటీన్‌ను పట్టుకోదు; నావి ఎలుక కణాలు కావు, కాబట్టి ఆ పొరపాటు లేదు). ఉత్తేజానికి గుర్తులైన సీడీ69, సీడీ25 బాగానే పెరిగాయి.

24, 72 గంటల దగ్గరా చూశాను. యాంటీబాడీ వేరేచోట అతుక్కోకుండా ఎఫ్‌సీ బ్లాక్ వేశాను, చనిపోయిన కణాలను రంగుతో వేరుచేశాను. యాంటీబాడీ తగిలాక కణం లోపలికి లాక్కుంటోందేమోనని సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల దగ్గరే స్టెయిన్ చేశాను. అదే ఫలితం. ఈ ప్రొటీన్‌ను కణం పైపొరకు పట్టి ఉంచే జీపీఐ లంగరును పీఐ-పీఎల్‌సీ ఎంజైమ్‌తో తెంపితే సిగ్నల్ పడిపోతోంది, అంటే కనిపిస్తున్నది నిజమైనదే. చిత్రమేమిటంటే, కణాలను కరిగించి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో మొత్తం ప్రయాన్ ప్రొటీన్ పెరిగింది!

ఏడీఏఎం10 ఎంజైమ్ దాన్ని ఉపరితలం నుంచి కోసేస్తోందని నా అనుమానం. అది తేల్చడానికి ఏడీఏఎం10 నిరోధకాన్ని మొదటి గంట నుంచే కలపాలా, లేక ఉత్తేజం దెబ్బతినకుండా చివరి కొన్ని గంటల్లోనే కలపాలా?