పాముకాటు తర్వాత కిడ్నీ దెబ్బ: పాత కేస్ షీట్లతో చేసేది కేస్ కంట్రోలా, రెట్రోస్పెక్టివ్ కోహార్టా?

పీజీ_మెడిసిన్_హన్మకొండ:

నమస్తే సార్, నమస్తే మేడం. జనరల్ మెడిసిన్ ఫస్టియర్ పీజీని. థీసిస్ టాపిక్ దాదాపు ఖాయమైంది. పాము కరిచినంక విషం విరుగుడు మందు (ఏఎస్‌వీ) ఆలస్యంగా అందినోళ్లలో కిడ్నీ దెబ్బతినుడు (ఏకేఐ) ఎక్కువుంటదా అన్నది చూడాలె. నాట్లు మొదలైనప్పటి నుంచి పత్తి ఏరుడు అయ్యేదాకా ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట దిక్కు నుంచి కేసులు వస్తనే ఉంటయి. మూడేళ్ల షీట్లు రికార్డు రూంలో ఉన్నయి, సుమారు 600.

గైడ్ సార్ 'రెట్రోస్పెక్టివ్ కేస్ కంట్రోల్ అని రాయి' అన్నరు. సీనియర్ ఏమో 'పాత రికార్డులు గదా, రెట్రోస్పెక్టివ్ కోహార్ట్' అంటున్నడు. రెండూ వెనక్కి చూసేవే అయితే తేడా ఎక్కడుంది? శాంపిల్ ఎంత రాయాలె? పోల్చి చూసే కంట్రోల్స్‌గా వేరే వార్డు పేషెంట్లను తీసుకోవచ్చా?

కమ్యూనిటీ_మెడిసిన్_కాజీపేట:

కాలం ఎటు నడుస్తున్నదో చూసి పేరు పెట్టబోతే ఈ గందరగోళం తెగదు. మనుషుల్ని దేన్ని బట్టి ఏరుతున్నరో చూడండి. పాము కరిచి వచ్చిన అందర్నీ పట్టుకొని, ఎవరికి మందు ఎప్పుడు అందిందో రాసుకొని, ఆ తర్వాత ఎవరికి ఏకేఐ వచ్చిందో లెక్కపెడితే అది కోహార్ట్. అన్నీ ఎప్పుడో జరిగిపోయినవే కాబట్టి ముందు 'రెట్రోస్పెక్టివ్' చేరుతది. ఏకేఐ వచ్చినోళ్లను మొత్తం తీసుకొని, రానోళ్లలో కొందరినే ఏరుకొని, ఇద్దరి ఆలస్యాన్నీ పోలిస్తే అది కేస్ కంట్రోల్. సినాప్సిస్‌లో (థీసిస్‌కు ముందు ఇచ్చే ప్లాన్) 'రెట్రోస్పెక్టివ్ కేస్ కంట్రోల్' అని రాస్తే తప్పని ఎవరూ కొట్టెయ్యరు గానీ, ఆ మాటతో చదివేటోళ్లకు తెలిసేది ఏమీ లేదు. ఎట్ల ఏరిండ్రో ఒక్క వాక్యంలో రాయండి, కమిటీ అడిగేది అదే.

మీ 600 షీట్లకు నా ఓటు రెట్రోస్పెక్టివ్ కోహార్ట్‌కే. ఎవరికి ఏకేఐ వచ్చిందో తెలియాలంటే ఎట్లాగూ ప్రతి షీటూ తెరవాలె. తెరిచినంక ఆలస్యం గంటలు కూడా అదే షీట్లో, అదే రిఫరల్ చీటీ మీద ఉంటయి. అంత కష్టపడి తెరిచి, రానోళ్లలో సగానికి పైగా పక్కన పెట్టేసుడు ఎందుకు? కేస్ కంట్రోల్ లాభం ఎక్కడంటే, ఎక్స్‌పోజర్ (కారణం అనుకునే సంగతి, ఇక్కడ ఆలస్యం) కొలిచేందుకు మనిషి మనిషికీ ఖర్చు పడేకాడ. ఉదాహరణకు ఊళ్లకు పోయి ఇంటోళ్లను అడగాలె, లేకుంటే ఫ్రీజర్‌ల దాచిన రక్తంల విషం మోతాదు కొలవాలె అనుకోండి. అప్పుడు 600 మందికి చేసుడు అయ్యే పని కాదు.

రెండో సంగతి అరుదు. ఫలితం బాగా అరుదైనదైతే కోహార్ట్ మోయలేం. 1971ల బోస్టన్‌ల పడుచు అమ్మాయిలకు వచ్చిన అరుదైన యోని క్యాన్సర్ పట్టుబడింది 8 కేసులు, 32 కంట్రోల్స్‌తోనే. ఆ 8 మందిల 7 గురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డీఈఎస్ అనే హార్మోన్ మందు వాడిండ్రు, కంట్రోల్స్ తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. కాబట్టి కేస్ కంట్రోల్ అంటే తక్కువ రకం అన్న మాట పెట్టుకోవద్దు. కానీ రక్తపింజర కాటుకు ఏకేఐ అంత అరుదేం కాదు.

వేరే వార్డు పేషెంట్లు కంట్రోల్స్‌గా పనికిరారు. కంట్రోల్ అంటే 'ఈయనకే ఏకేఐ వచ్చి ఉంటే నా కేసుల్లో లెక్కయ్యేటోడు' అనిపించాలె. పాము కరవని మనిషికి 'కాటుకూ మందుకూ మధ్య గంటలు' అన్న సంగతే ఉండదు.

లెక్కల_మాస్టర్_కరీంనగర్:

పై మాటకు అంకెలు కలుపుతున్న. ఇవి ఊహా లెక్కలు, మీ డేటా కాదు.

600 మందిల 200 మందికి 6 గంటలు దాటినంక మందు అందింది, 400 మందికి అంతకంటే ముందే. ఆలస్యమైనోళ్లల్ల 60 మందికి ఏకేఐ, అంటే 30 శాతం. తొందరగా అందినోళ్లల్ల 60 మందికి, అంటే 15 శాతం. రిస్క్ రేషియో, అంటే 30ని 15తో భాగిస్తే, సరిగ్గా 2. ఆడ్స్ రేషియో (వచ్చినోళ్లను రానోళ్లతో భాగించి పోల్చేది) మాత్రం 60ని 140తో, 60ని 340తో భాగించి పోలిస్తే 2.43 వస్తది. అదే ఏకేఐ 200ల 6, 400ల 6 ఉంటే ఆడ్స్ రేషియో 2.03, రిస్క్ రేషియో 2, తేడా ఉన్నట్టే తెలవదు. ఫలితం 10 శాతం దాటిందంటే ఆడ్స్ రేషియోను పట్టుకొని 'రెండున్నర రెట్ల ప్రమాదం' అని రాయొద్దు. థీసిస్‌లల్ల ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

ఇప్పుడు అదే 600ల నుంచి కేస్ కంట్రోల్ చేద్దాం. కేసులు 120, అందరినీ తీసుకున్నం. ఏకేఐ రాని 480 మందిల నుంచి 120 మందిని చీటీ తీస్తే సుమారు 35 మంది ఆలస్యంగా అందినోళ్లు, 85 మంది తొందరగా అందినోళ్లు పడతరు. ఆడ్స్ రేషియో 60×85 ని 60×35 తో భాగిస్తే మళ్లీ 2.43. ఇంతవరకు బాగనే ఉంది. కానీ ఈ పట్టిక నుంచి 'ఆలస్యమైన 95 మందిల 60 మందికి వచ్చింది, 63 శాతం' అని రాస్తే అది శుద్ధ తప్పు. ఆ 95ల కంట్రోల్స్ ఎందరుండాలో మనమే నిర్ణయించినం. కంట్రోల్స్‌ను రెట్టింపు చేస్తే ఆ శాతం పడిపోతది, జబ్బేమో అంతే ఉంటది.

నాకు బాగా నచ్చేది మధ్య దారి. కంట్రోల్స్‌ను ఏకేఐ రాని 480ల నుంచి కాకుండా, వచ్చినోళ్లు రానోళ్లు కలిపి మొత్తం 600ల నుంచి చీటీ తియ్యండి. 120 మంది తీస్తే 40 ఆలస్యం, 80 తొందర. అప్పుడు 60×80 ని 60×40 తో భాగిస్తే సరిగ్గా 2, అంటే రిస్క్ రేషియోనే చేతికొస్తది. దీన్ని కేస్ కోహార్ట్ అంటరు. కొందరు కేసుల్లోనూ చీటీల్లోనూ రెండు దిక్కులా పడతరు, అది తప్పు కాదు. స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పేది) మాత్రం మామూలు ఫార్ములాతో రాదు, రోబస్ట్ పద్ధతి వాడాలె.

శాంపిల్ సంగతి. కేస్ కంట్రోల్‌కే పోతే: కంట్రోల్స్‌ల 30 శాతం మంది ఆలస్యమైనోళ్లు, పట్టుకోవాల్సిన ఆడ్స్ రేషియో 2, పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) 80 శాతం, ఆల్ఫా (లేని తేడాను ఉందనే అవకాశం) 5 శాతం అనుకుంటే ఒక్కో గుంపుకు 141 మంది. కంటిన్యుటీ కరెక్షన్ పెడితే 153. కేసులు 120 కన్నా దొరకకపోతే కంట్రోల్స్ పెంచండి, కానీ 1:4 దాటి పోవద్దు. ఎన్ని కంట్రోల్స్ తెచ్చినా దొరికే గరిష్ఠ బలంతో పోలిస్తే 1:1కు సగం, 1:2కు 67 శాతం, 1:4కు 80 శాతం, 1:5కు 83 శాతమే. ఆ చివరి మూడు శాతానికి ఇంకో 120 షీట్లు తిరగేసుడు దండగ.

కోహార్ట్‌కు పోతే ఉన్న షీట్లన్నీ తీసుకుంటరు కాబట్టి 'ఇన్ని కావాలె' అనే బదులు 'ఇన్నిటితో ఇంత తేడా పట్టుకోగలం' అని రాయండి. రిస్క్ రేషియో కోసం లాజిస్టిక్ (అది ఆడ్స్ రేషియో ఇస్తది) కాకుండా, రోబస్ట్ వేరియన్స్ పెట్టిన పాయిసాన్ రిగ్రెషన్ వాడండి.

కిడ్నీ_డ్యూటీ_రూం:

డిజైన్ పేరు కన్నా మీ టాపిక్‌ను ముంచేది రిఫరల్. భూపాలపల్లి దిక్కు కాటు పడ్డ మనిషికి అక్కడనే ఏఎస్‌వీ మొదలయింది అనుకోండి. రెండో రోజు మూత్రం తగ్గింది, క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంల పెరిగేది) పెరిగింది, అప్పుడు వరంగల్‌కు పంపిండ్రు. మీ షీట్ల 'కాటు పడ్డ 30 గంటలకు వచ్చిండు, ఏకేఐ ఉంది' అని కనబడతది. ఆలస్యం వల్ల కిడ్నీ పోలేదు, కిడ్నీ పోయినందుకే ఆలస్యంగా మీ దగ్గరికి వచ్చిండు. ఇట్లాంటోళ్లు 600ల వంద మంది ఉన్నా రిస్క్ రేషియో ఆకాశానికంటుతది. కోహార్ట్ చేసినా, కేస్ కంట్రోల్ చేసినా ఈ తప్పు అంతే ఉంటది.

అందుకే గంటలు లెక్కపెట్టాల్సింది మీ క్యాజువాలిటీ గడప దాకా కాదు, ఎక్కడైనా సరే మొదటి ఏఎస్‌వీ సీసా ఎక్కిన టైం దాకా. అది పీహెచ్‌సీ రిఫరల్ చీటీ మీద ఉంటది, ఎన్ని సీసాలు ఎక్కించిండ్రో కూడా ఉంటది. చీటీ పోతే ఆ షీటును 'తెలియదు' కింద పెట్టండి, మీ ఆసుపత్రి టైం వేసి నింపొద్దు. ఇంకో విశ్లేషణ నేరుగా మీ దగ్గరికే వచ్చినోళ్లతో మాత్రమే చేసి పక్కన చూపండి. రెండూ దగ్గరగా వస్తే ధైర్యం.

ఏకేఐ వస్తదా అని చూసే కాలం గడియారం మొదలు పెట్టాల్సింది కూడా ఆ మొదటి సీసా కాన్నుంచే. కాటు పడ్డప్పటి నుంచి మొదలు పెట్టి, 10 గంటలకు మందు అందినోడిని మొదటి నుంచే 'ఆలస్యం' గుంపుల వేస్తే, ఆ 10 గంటలు ఆయన బతికి ఉండక తప్పదు. తొవ్వల చనిపోయినోళ్లు అసలు మీ లెక్కల్లోకే రారు. దాంతోటి ఆలస్యం ఉన్నదానికన్నా మంచిగ కనబడుతది. ఈ లోటు పూర్తిగా పూడదు, లిమిటేషన్స్‌ల రాసుడే.

ఏకేఐ నిర్వచనం కేడిగో (కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ మార్గదర్శకాలు) 2012 ప్రకారం: క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు కనీసం 0.3 మి.గ్రా. పెరుగుడు, లేదా 7 రోజుల్లో మామూలుకన్నా ఒకటిన్నర రెట్లు అవుడు, లేదా 6 గంటల పాటు గంటకు కిలోకు 0.5 మి.లీ. కన్నా తక్కువ మూత్రం. మనోళ్లకు కాటుకు ముందటి క్రియాటినిన్ ఉండదు. అడ్మిషన్ తర్వాత వచ్చిన అతి తక్కువ విలువను బేస్‌లైన్ అనుకోవచ్చు గానీ, 3 రోజులకే లామా (డాక్టర్ వద్దన్నా సొంతంగా డిశ్చార్జ్) తీసుకొని పోయినోళ్లకు ఆ తక్కువ విలువ దొరకదు. స్కాన్‌ల కిడ్నీలు చిన్నగ ఉంటే పాత జబ్బే, తీసెయ్యండి. మొదటి సీసా ఎక్కేటప్పటికే క్రియాటినిన్ పెరిగి ఉన్నోళ్లను కోహార్ట్‌ల కలపొద్దు, వాళ్లకు ఫలితం ముందే వచ్చేసింది.

ఇంకోటి, డయాలిసిస్ రిజిస్టర్ చూసి కేసులు ఏరొద్దు. దొరికేది తీవ్రమైనోళ్లే. ఐసీడీ టీ63.0 కోడ్ (రికార్డుల్ల పాము విషానికి వేసే నంబరు) మీద మొత్తం తీయించి, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్‌తో, ఫార్మసీ ఏఎస్‌వీ రిజిస్టర్‌తో సరిచూసుకోండి. మూడిట్లల్ల ఒక్కదాన్లనే కనబడే పేర్లు తప్పకుండా ఉంటయి. కట్లపాము, నాగుపాము కాట్లను వేరు పెట్టండి, వాటి విషం పని నరాల మీద. కలిపేస్తే తేడా పలుచనైతది.

పీజీ_మెడిసిన్_హన్మకొండ:

చాలా స్పష్టమైంది సార్. రెండు సందేహాలు. కేస్ కోహార్ట్ వద్దని గైడ్ సార్ అని కేస్ కంట్రోలే పెట్టమంటే వయసు, మగా ఆడా, మండలం మీద మ్యాచ్ చేస్తే (కేసుకు పోలిన కంట్రోల్‌ను జత పెడితే) బాగుంటదా? రక్తం గడ్డకట్టే పరీక్ష ఫలితాన్ని తీవ్రత కింద మోడల్‌ల పెట్టాలెనా? కట్టు కట్టిండ్రా, నాటు మందు పెట్టిండ్రా అన్నవి కూడా చూద్దామనుకున్న, కానీ సగం షీట్లల్ల ఆ మాటే లేదు.

కమ్యూనిటీ_మెడిసిన్_కాజీపేట:

మండలం మీద అస్సలు వద్దు. ఏటూరునాగారం కేసుకు ఏటూరునాగారం కంట్రోల్‌నే తెస్తే ఇద్దరూ అదే దూరం, అదే ఆటో, అదే పీహెచ్‌సీ. ఆలస్యం సమానమైపోయి మీరు వెతికే తేడాను మీరే తుడిచేసినట్టు. వయసు, మగా ఆడా, అడ్మిషన్ నెల మీద చేస్తే చాలు. మ్యాచ్ చేసినంక మామూలు లాజిస్టిక్ కాదు, జతలను జతలుగానే చూసే కండిషనల్ లాజిస్టిక్ రిగ్రెషన్ వాడాలె. చాలామంది మ్యాచ్ చేసి, తర్వాత జతలు విడగొట్టి కై స్క్వేర్ పెడతరు. వైవాల మొదటి ప్రశ్న అదే వస్తది.

గడ్డకట్టే పరీక్ష సంగతి. కొత్త, పొడి గాజు గొట్టంల 2 మి.లీ. రక్తం, కదపకుండా 20 నిమిషాలు. సబ్బుతో కడిగిన గొట్టంలనో, ప్లాస్టిక్ గొట్టంలనో చేసింది లెక్కకు రాదు, షీట్ల ఆ వివరం ఉండదు కాబట్టి ఎంత నమ్మాలో మీరే తేల్చుకోండి. ఇక మోడల్‌ల పెట్టుడా? కాటు ఎక్కువ విషం దింపి ఉంటే ఇంటోళ్లు భయపడి తొందరగా తెస్తరు. అప్పుడు తీవ్రత అన్నది కన్ఫౌండర్ (ఆలస్యంతోనూ ఏకేఐతోనూ ముడిపడి లెక్కను తప్పుదారి పట్టించేది), సరిచెయ్యాలె. కానీ పరీక్ష చేసేది వచ్చినంక. మందు లేకుండా గడిచిన గంటలే రక్తం గడ్డకట్టకుండా చేసి ఉండొచ్చు. అంటే అది ఆలస్యానికీ ఏకేఐకీ నడుమ మెట్టు. దాన్ని మోడల్‌ల పెడితే ఆలస్యం ప్రభావంల కొంత మింగేస్తది. అది లేకుండా ఒక లెక్క, ఉంచి ఒక లెక్క వేసి రెండూ చూపండి. పాము రకం, వయసు, షుగర్ మాత్రం తప్పకుండా ఉంచండి.

6 గంటల గీత ఎక్కడ గియ్యాలో డేటా చూడకముందే సినాప్సిస్‌ల రాయండి. చూసినంక మార్చొద్దు. షీట్లల్ల టైములు 'మాపటేళ', 'పొద్దుగాల' అనే ఉంటయి. వాటికి ఏ గంట వేస్తరో ముందే ఒక కాగితం మీద పెట్టుకొని అందరికీ అదే వెయ్యండి.

కిడ్నీ_డ్యూటీ_రూం:

కట్టు, నాటు మందు గురించి. 'రాయలేదు' అంటే 'లేదు' కాదు. సీరియస్‌గా ఉన్నోడి హిస్టరీ డ్యూటీ డాక్టర్ నిండుగ రాస్తడు. నడుచుకుంట వచ్చినోడి షీట్ల రెండు లైన్లే ఉంటయి. ఖాళీలన్నీ 'లేదు' అనుకుంటే, కట్టు కట్టినోళ్లకే కిడ్నీ పోతదని మీ పట్టిక చెప్తది, అది రాసే తీరు వల్ల వచ్చిన తేడా. ఎక్సెల్‌ల మూడు గడులు పెట్టండి: ఉంది, లేదు, రాయలేదు. 'రాయలేదు' ఏకేఐ వచ్చినోళ్లల్ల ఎంత శాతం, రానోళ్లల్ల ఎంత శాతం అని మొదట చూడండి. రెంటి మధ్య తేడా పెద్దగ ఉంటే ఆ ఎక్స్‌పోజర్‌ను ఈ థీసిస్‌ల వదిలెయ్యండి, ఆలస్యం ఒక్కటి చాలు.

ఫోన్ చేసి అడుగుదాం అనుకోవద్దు. డయాలిసిస్ దాకా పోయినోడికి కట్టు కట్టిన సంగతి ఏండ్లు గడిచినా యాదికుంటది, రెండో రోజు ఇంటికి పోయినోడికి ఉండదు. పైగా రికార్డులకే అయితే కన్సెంట్ మినహాయింపు అడగొచ్చు, ఫోన్ చేస్తే ప్రతి ఒక్కరి కన్సెంట్ కావాలె.

షీటు నుంచి టైములు రాసేటోడు క్రియాటినిన్ పేజీ చూడొద్దు, ల్యాబ్ పేజీలు వేరే మనిషి రాయాలె. ఇద్దరూ విడివిడిగా 60 షీట్లు రాసి కప్పా (ఇద్దరి రాత ఎంత కలిసిందో చెప్పే అంకె) లెక్కపెట్టండి. ఆలస్యం గుంపు మీద 0.8 రాకపోతే, మిగతా 540 మొదలు పెట్టేముందు ఆ 'మాపటేళ' కాగితాన్ని మళ్లీ సరిచెయ్యండి.