పోతపాలు, డబ్బాపాలు ఒకటేనా?

ప్రశ్న: పసిబిడ్డల పేగుల ఎదుగుదల మీద వ్యాసం రాస్తున్నాను. ఫార్ములా మిల్క్ అని రావాల్సిన చోటల్లా 'పోతపాలు' అని రాశాను. ఎడిటర్ అన్నీ 'డబ్బాపాలు' అని మార్చారు. రెండూ ఒకటే కదా?

జవాబు: కాదండీ, ఈసారికి ఎడిటర్ గారిదే రైటు. రొమ్ము పట్టకుండా పోసి తాగించేవన్నీ పోతపాలే. ఉగ్గుగిన్నెతో పట్టిన ఆవుపాలు కూడా అంతే. డబ్బాపాలంటే ఫార్ములా మిల్క్ ఒక్కటే. మరి నెలలు నిండని బిడ్డ సంగతేమిటి? తల్లి పాలు పిండి చెంచాతోనో, ముక్కులో వేసిన గొట్టంతోనో పోస్తారు. పట్టే తీరు చూస్తే పోతపాలు, పాలు మాత్రం చనుబాలే. మీ వ్యాసంలో అదే కీలకం. పాలు ఎలా పట్టారన్నదాని కంటే వాటిలో ఏ ప్రోటీన్లున్నాయన్నదే పేగుకు ముఖ్యం.

మరొకరు: డబ్బాపాలలోనూ ప్రోటీన్ ఉందిగా?

జవాబు: ఉంది, రకం వేరు. ఆవుపాలలో ప్రోటీన్ దాదాపు 80 శాతం కేసిన్, అంటే పాలు విరిగినప్పుడు గడ్డగా మారేది. చనుబాలలో వే (whey) ప్రోటీన్లదే, అంటే విరిగిన పాల నీటిలో మిగిలేవాటిదే పైచేయి, ముర్రుపాలలో మరీనూ. అందుకే చాలా కంపెనీలు ఆవుపాల వే ప్రోటీన్లు కలిపి ఆ పాళ్లు సరిచేస్తాయి. అయినా ఆవుపాల వే ప్రోటీన్లలో ముఖ్యమైన బీటా లాక్టోగ్లోబ్యులిన్ చనుబాలలో అసలు తయారవదు. చనుబాలలో దండిగా ఉండే లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ మామూలు డబ్బాపాలలో బహు తక్కువ.

ఈ లాక్టోఫెరిన్ తమాషా అయినది. ల్యాబులో పెంచిన పేగు కణాలకు ముర్రుపాలలో ఉన్నంత మోతాదులో ఇస్తే అవి గబగబా విభజన చెంది పెరుగుతాయి. మోతాదు తగ్గిస్తే పెరగడం మాని పరిణతి చెందుతాయి, అంటే పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అరిగించే ఎంజైముల్లాంటివి తయారుచేసుకుంటాయి. తల్లిపాలలోనూ మొదటి రోజుల తర్వాత దాని మోతాదు తగ్గుతూ వస్తుంది! చనుబాలలో ఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్ కూడా ఉంది. పేగు పొరను పెంచడం, దెబ్బతింటే బాగుచేయడం దాని పని. ల్యాబులో కనిపించిందల్లా బిడ్డ కడుపులో అచ్చంగా జరుగుతుందని మాత్రం రాయకండి. నెలలు నిండని పిల్లల్లో పేగు కుళ్లిపోయే జబ్బు తల్లిపాల మీద ఉన్నవారికి తక్కువగా వస్తుందన్నది మాత్రం ఆసుపత్రుల్లో తేలిన విషయమే.

ఇంకొకరు: ముర్రుపాలు, జున్నుపాలు?

జవాబు: మా వైపు తల్లివి ముర్రుపాలు, పశువువి జున్నుపాలు. కొన్ని ఊళ్లలో పశువువీ ముర్రుపాలే అంటారు. జున్నుపాలను ఆవిరికి పెడితే తోడు లేకుండానే గడ్డకట్టేది ఆ వే ప్రోటీన్ల వల్లే. వ్యాసంలో మాత్రం 'డబ్బాపాలు', 'పిండిన తల్లిపాలు' అని విడివిడిగా రాయండి, 'పోతపాలు' తీసేయండి.